ఊపిరితిత్తుల్లో నీరు: తీయిస్తే సరిపోతుందా?

వైద్య సహాయం కోరుతూ మన సొసైటీకి వచ్చే దరఖాస్తుల్లో “ఊపిరితిత్తుల్లో నీరు చేరింది” అనే మాట తరచుగా చూస్తుంటాం. నీరు తీయించడానికి డబ్బు ఇస్తాం. కొన్ని నెలలకు అదే ఇంటి నుంచి మళ్లీ దరఖాస్తు వస్తుంది. ఎందుకంటే నీరు చేరడం అసలు జబ్బు కాదు, జబ్బుకు గుర్తు మాత్రమే.

ఈ నీరు రెండు చోట్ల చేరుతుంది.

మొదటిది ఊపిరితిత్తుల లోపల. గాలి నిండవలసిన సన్నని గదుల్లోకి నీరు ఊరుతుంది. డాక్టర్లు దీన్ని పల్మనరీ ఎడిమా అంటారు. గుండె బలహీనపడి రక్తాన్ని ముందుకు నెట్టలేకపోతే, వెనుక ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు ఇలా ఊరుతుంది. చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల గుండె కవాటం ఇరుకైన గర్భిణులకూ, డయాలసిస్ తప్పిన కిడ్నీ రోగులకూ ఈ ప్రమాదం ఉంది. పడుకుంటే ఊపిరాడదు, లేచి కూర్చుంటారు. ఈ నీటిని సూదితో తీయలేరు. ఆక్సిజన్, మూత్రం ద్వారా నీటిని పంపే మందులు కావాలి. తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రెండవది ఊపిరితిత్తుల చుట్టూ. అక్కడ రెండు పల్చని పొరల మధ్య మామూలుగా కొన్ని చెంచాల నీరే ఉంటుంది. జబ్బు చేస్తే అది లీటరు కూడా దాటవచ్చు. దీని పేరు ప్లూరల్ ఎఫ్యూజన్. సూదితో తీసేది ఈ నీటినే. గుండె, కాలేయం, కిడ్నీల జబ్బుల్లో ఈ నీరు పల్చగా ఉంటుంది. క్షయ, న్యుమోనియా, క్యాన్సర్‌లలో ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది. ఈ తేడాను పట్టే కొలతలను 1972లో అమెరికా వైద్యుడు రిచర్డ్ లైట్, ఆయన సహచరులు ప్రకటించారు. నేటికీ అవే వాడుతున్నారు.

మన దేశంలో ఈ రెండవ రకానికి ముఖ్య కారణాల్లో క్షయ ఒకటి. ఇందులో ఒక మోసం ఉంది. మందులు వాడకపోయినా కొందరిలో నీరు దానంతటదే ఇంకిపోతుంది. తగ్గిందనుకుని పనికి వెళ్తారు. తర్వాత క్షయ మళ్లీ బయటపడుతుంది. మామూలు క్షయకు ఆరు నెలల మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పోషణకు నెలకు 1,000 రూపాయలు కూడా ఇస్తారు. కానీ సంపాదించే మనిషి మంచాన పడితే ఆ ఇల్లు గడవాలి కదా! మందులు మధ్యలో ఆగేది చాలాసార్లు అక్కడే.

అందుకే దాతలకు మా మనవి. నీరు తీయించడానికి సాయం చేసేటప్పుడు రెండు ప్రశ్నలు అడుగుదాం. తీసిన నీటిని పరీక్షకు పంపారా? కారణం తెలిశాక చికిత్స పూర్తయ్యేదాకా ఆ ఇంటికి తోడెవరు? 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర పథకంలో సంస్థలూ, వ్యక్తులూ క్షయ రోగులకు పోషకాహారం అందించే బాధ్యత తీసుకోవచ్చు. మన సదఖా ఒక్కరోజు ఖర్చుతో ఆగిపోకుండా రోగి కోలుకునేదాకా వెంట నడవాలి. అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక, రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.