టర్బో: బలమూ, చురుకూ

ఇంజను నుంచి వృథాగా పోయే వేడి పొగతోనే ఆ ఇంజనుకు బలం పెంచే ఉపాయానికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంటు పొందారు. అదే టర్బోచార్జర్.

పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే ఇంధనాన్నీ ఎక్కువగా మండించవచ్చు.

మరి పెద్ద టర్బో పెడితే సరిపోతుందా? ఆకారం, లోహం మారకుండా చక్రం వ్యాసం రెట్టింపైతే దాని జడత్వ భ్రామకం 32 రెట్లవుతుంది. అది వేగం అందుకునేలోపు ఆలస్యమే. ఘాట్ రోడ్డులో లారీని దాటుతున్నప్పుడు ఆ ఆలస్యం ప్రమాదం.

అందుకే చక్రాలను తేలికైన లోహాలతో చేస్తారు. ఇరుసుకు బాల్ బేరింగులు వేస్తారు. కొన్నింటిలో పొగ తక్కువగా ఉన్నప్పుడు దారిని ఇరుకు చేసే కదిలే రెక్కలుంటాయి. నీళ్ల పైపు నోటిని వేలితో సగం మూసి చూడండి పిల్లలూ, ధార ఎలా దూసుకొస్తుందో! ఇదీ అంతే.

బలం పెరిగితే వేడీ పెరుగుతుంది. ఇంధన సరఫరా, శీతలీకరణ, బ్రేకులు కూడా అందుకు తగ్గట్టు ఉండాలి. కాబట్టి మంచి టర్బో అంటే అన్నిటికన్నా పెద్దది కాదు, ఆ ఇంజనుకు సరిగ్గా అమరేది.