32 గుండ్లు... ఒక నూనె ఓడ!

చేతిలో ఒకే ఒక్క ఫిరంగి. దానికి 32 గుండ్లు. ఎదురుగా అంతకన్నా పెద్ద ఫిరంగులెన్నో బిగించుకున్న రెండు జపాను నౌకలు...

1942 నవంబరు 11న హిందూ మహాసముద్రంలో డచ్ ఓడ ‘ఒండినా’కు ఎదురైన పరిస్థితి ఇది. కర్నూలు, కడపల్లో ఉండే మనకు సముద్రమే దూరం, డచ్చివాళ్ల ఓడతో ఏం పని అంటారా? ఆ రోజు దాని పక్కన నిలబడింది మన నౌకే మరి! అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. యుద్ధం మన వాకిట్లోకి వచ్చిన రోజులవి.

వ్యాపారికి ఫిరంగి ఎందుకు?

ఒండినా యుద్ధనౌక కాదు. షెల్ కంపెనీ కోసం 1939లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తయారైన ఆయిల్ ట్యాంకర్. 1940లో నెదర్లాండ్స్ జర్మనీ వశమైనా, డచ్ వర్తక ఓడలు మాత్రం మిత్రరాజ్యాలకు సరుకు మోస్తూనే ఉన్నాయి. వాటిని ముంచడానికి శత్రువులు కాపు కాసేవారు. అందుకే ఓడ వెనకభాగంలో ఓ ఫిరంగి అమర్చేవారు. అది దాడికి కాదు, తరుముకొచ్చేవాణ్ని దూరంగా ఉంచడానికి. జొన్నచేలో మంచె మీది రైతు చేతిలో వడిసెల లాంటిదన్నమాట! ఒండినాకు దక్కింది నాలుగంగుళాల ఫిరంగి.

పొమ్మన్నా పోలేదు

ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ నుంచి ఒండినా బయల్దేరింది. తోడుగా రాయల్ ఇండియన్ నేవీ వారి చిన్న నౌక ‘బెంగాల్’. ఆస్ట్రేలియాలో కొత్తగా కట్టించి మన దేశానికి తెస్తున్నారు. దానికున్నది మూడంగుళాల ఫిరంగే. కోకోస్ దీవులకు నైరుతి దిశలో ‘హొకోకు మారు’, ‘ఐకోకు మారు’ ఎదురొచ్చాయి. ఒక్కోటి పదివేల టన్నుల పైమాటే.

‘మీరు తప్పించుకోండి’ అని ఒండినాకు చెప్పి, బెంగాల్ కమాండర్ విలియం విల్సన్ నేరుగా శత్రువు మీదికి నౌకను ఉరికించారు. ఒండినా కెప్టెన్ విల్లెమ్ హోర్స్‌మన్ మాత్రం పోలేదు. పన్నెండు నాట్ల వేగంతో ఎంత దూరం పారిపోగలరు? ఫిరంగి పేల్చమన్నారు. గుండు తగిలి హొకోకు మారు అంటుకుంది. కాసేపటికి భారీ పేలుడుతో మునిగిపోయింది.

ఈలోగా 32 గుండ్లూ అయిపోయాయి. బెంగాల్‌లోనూ మందుగుండు అడుగంటింది. తానూ దెబ్బతిని అది తప్పుకుంది. ఐకోకు మారు కాల్పుల్లో హోర్స్‌మన్ ప్రాణాలొదిలారు. సిబ్బంది పడవల్లోకి దిగారు. ఓడకు రెండు టార్పెడోలు తగిలాయి. పడవల మీదా మెషిన్‌గన్లు పేలాయి. ఓడ ఎలాగూ మునుగుతుందనుకుని, తమవాళ్లను ఎక్కించుకుని జపాను నౌక వెళ్లిపోయింది.

కానీ ఒండినా మునగలేదు! నూనె ట్యాంకులు ఖాళీగా ఉండటమే కాపాడింది. బతికినవాళ్లు మళ్లీ ఓడెక్కి మంటలార్పి, ఒరిగిన ఓడను నిలబెట్టారు. నవంబరు 18న ఫ్రీమాంటిల్ చేరారు. ముందురోజే బెంగాల్ డీగో గార్షియా చేరింది. రెండో ఓడ మునిగిపోయిందనే ఇద్దరూ అనుకున్నారట!

హోర్స్‌మన్‌కు మరణానంతరం డచ్ సైనిక పురస్కారం దక్కింది. బెంగాల్ స్వతంత్ర భారత నౌకాదళంలోనూ పనిచేసింది. ఒండినా మరమ్మతులై మళ్లీ నీళ్లలోకి దిగింది. 1959లో హాంకాంగ్‌లో తుక్కు కింద విడగొట్టేదాకా... అది మునగనే లేదు.