కుండీలో చామంతి: పెంచే పద్ధతి, పాటించవలసిన జాగ్రత్తలు



మన ఆసుపత్రిలో ఓ.పి. చీటీ రాయించుకుని వరండా బల్లల మీద కూర్చునేవారికి ముందుగా కనిపించేవి మెట్ల పక్కనున్న చామంతి కుండీలు. డిసెంబరు, జనవరి నెలల్లో అవి విరగబూసి ఉన్నప్పుడు "సిస్టరమ్మా, మాకూ ఒక పిలక ఇవ్వరూ?" అని అడిగేవారు చాలామంది. పిలక ఇవ్వడం సులభమే. దానిని ఎలా పెంచాలో, ఎవరు జాగ్రత్తగా ఉండాలో కూడా చెప్పి పంపాలి గదా! అందుకే ఈ వ్యాసం.

చామంతి ఎలాంటి మొక్క?

చామంతి ఒక్క ఏడాదితో పోయే మొక్క కాదు. పూలు అయిపోయి కొమ్మలు ఎండినా మొదలు బతికే ఉండి, చుట్టూ పిలకలు పెడుతుంది. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఎన్నో చిన్న చిన్న పూల గుత్తి. చుట్టూ రేకుల్లా కనిపించేవి ఒక రకం పూలు, నడుమ బొడిపెలో ఒత్తుగా ఉన్నవి మరొక రకం. బంతి, పొద్దుతిరుగుడు, గైలార్డియా ఇదే కుటుంబానికి చెందినవి. పొలం గట్ల మీద, రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ కూడా ఈ కుటుంబంలోదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివరలో అవసరమవుతుంది.

నాటే విధానం

కుండీలకు, దారి పక్క మళ్ళకు చిట్టి చామంతి రకాలు మంచివి. పెద్ద పూల రకాలు ఎత్తు పెరిగి, కర్ర ఊతం లేకపోతే వాలిపోతాయి. జూన్, జూలై నెలల్లో పాత మొక్క నుండి వేళ్ళున్న పిలకను తీసి నాటవచ్చు. లేదా కొమ్మ చివర 2, 3 అంగుళాల ముక్కను కత్తిరించి, కింది ఆకులు తీసివేసి, తడి ఇసుకలో గుచ్చి నీడన ఉంచితే 2, 3 వారాలలో వేళ్ళు వస్తాయి. పిలకలు దొరకనివారు నర్సరీలో మొక్క కొనుక్కోవచ్చు. గోదావరి జిల్లాలవారికి కడియం దగ్గరే గదా!

8 నుండి 10 అంగుళాల కుండీ చాలు. అడుగున రంధ్రం తప్పనిసరి, దాని మీద ఒక పెంకుముక్క పెట్టాలి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి నింపాలి. మడిలో అయితే మొక్కకు మొక్కకు ఒక అడుగు ఎడం ఉండాలి. రోజుకు 5, 6 గంటలైనా ఎండ తగలాలి. నీళ్ళు ఉదయం పూట మొదట్లో పోయాలి. నీరు నిలిస్తే వేరు కుళ్ళి మొక్క వడలిపోతుంది.

తలలు తుంచండి

మొక్క పొట్టిగా, గుబురుగా రావాలంటే తల తుంచాలి. నాటిన 4 వారాలకు చిగురు కొనను గోటితో గిల్లివేస్తే పక్క కొమ్మలు వస్తాయి. మరో 3 వారాలకు ఆ కొమ్మల కొనలు కూడా తుంచాలి. కొత్తగా పెంచేవారికి చెయ్యి రాదు, ఎదిగే మొక్కను గిల్లడమేమిటని బాధపడతారు. తుంచకపోతే మాత్రం ఒకే కాడ పొడుగ్గా లేచి నాలుగు పూలతో సరిపెడుతుంది. ఆగస్టు నెలాఖరు దాటాక తుంచడం మానివేయాలి.

ట్యూబులైటు చేసిన పని

ఒక సంవత్సరం మేము కొన్ని కుండీలను కాజువాలిటీ గుమ్మం దగ్గర, మిగిలినవాటిని వెనుక ప్రసూతి వార్డు గోడ పక్కన పెట్టించాము. అన్నీ ఒకే తల్లి మొక్కల పిలకలు, ఒకే మట్టి, ఒకే ఎరువు. వార్డు గోడ పక్కవి నవంబరు చివరికే పూశాయి. గుమ్మం దగ్గరవి ఆకులు బాగా వేశాయి గాని మొగ్గే లేదు. ఎరువు తక్కువైందేమోనని ఇంకా వేయించాము, ఫలితం లేదు. తర్వాత ఒక వ్యవసాయ శాఖ ఉద్యోగి వైద్యానికి వచ్చి చూసి, పైనున్న ట్యూబులైటును చూపించారు.

రాత్రులు పొడుగైనప్పుడే చామంతి మొగ్గ తొడుగుతుంది. రాత్రంతా లైటు వెలుగుతుంటే మొక్కకు రాత్రే లేదు. పగలు, రాత్రి పొడవును బట్టి మొక్కలు పూస్తాయని అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ 1920లోనే ప్రచురించారు. మాకు తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది! కాబట్టి సెప్టెంబరు నుండి వీధిదీపం, వరండా లైటు పడని చోట కుండీ పెట్టండి. అమెరికాలో ఉన్న మీ పిల్లలు సెప్టెంబరులో దుకాణాల ముందు చూసే 'మమ్స్' కుండీలు కూడా చామంతులే.

ఆసుపత్రి తరఫున నాలుగు మాటలు

కుండీ కింద పళ్ళెంలో నీరు నిలవనీయకండి. డెంగీ దోమ అలాంటి నీటిలోనే పెరుగుతుంది. వారానికి ఒకసారైనా పళ్ళెం పారబోసి, రుద్ది కడిగి, ఆరబెట్టండి.

పేనుబంక కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లండి. పురుగుమందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టవద్దు. అలా పెట్టినది తాగిన పసివారిని ఎత్తుకుని తల్లులు పరుగెత్తి రావడం మేము చూశాము. అలా జరిగితే వాంతి చేయించవద్దు. వెంటనే ఆసుపత్రికి రండి, మందు సీసా కూడా వెంట తీసుకురండి.

షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా తోటలోకి వెళ్ళవద్దు. మట్టిలో గాయమైతే సబ్బుతో కడిగి, ధనుర్వాతం టీకా గురించి అడగండి.

మా ఆయమ్మ సంగతి

మన చామంతులను ఏళ్ళ తరబడి పెంచినది మా వార్డు ఆయమ్మ. ఒక చలికాలంలో ఆమె చేతివేళ్ళు పగిలి, మెడ, కనురెప్పలు ఎర్రగా వాచాయి. ఫినాయిలు పడలేదని చెప్పింది, మేమూ నమ్మాము. మందుల షాపులో ఇచ్చిన క్రీము రాసుకుంటే తగ్గేది, మానితే మళ్ళీ వచ్చేది. ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. చర్మవ్యాధుల డాక్టరు గారు వీపు మీద పట్టీలు అతికించి పరీక్ష చేస్తే, వయ్యారిభామ పడదని తేలింది. అదే కుటుంబానికి చెందిన చామంతి కూడా ఆమెకు పడడం లేదు.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాము. "చెబితే తోట పని మానిపిస్తారని, సిస్టరమ్మా" అని తల వంచుకుంది. రోగుల ఒంటి మీద చిన్న మచ్చనైనా రాసిపెట్టే మేము, రోజూ మా పక్కన తిరిగే మనిషి చేతులను సరిగా చూడలేదు. అది మా పొరపాటే.

చామంతి అందరికీ పడకపోవడం ఉండదు, చాలామందికి ఏ ఇబ్బందీ రాదు. అయితే పూలు కట్టేవారికి, పొలం పని చేసేవారికి ముఖం, మెడ, మోచేతి మడతలలో దురద వచ్చి తగ్గకపోతే ఈ అనుమానం ఉండాలి. సొంతంగా స్టెరాయిడ్ క్రీములు రాయవద్దు, చర్మం పలచబడుతుంది. డాక్టరుకు చూపించండి, ఏ మొక్కలు ముట్టుకుంటున్నారో చెప్పండి. పడనివారు ఆ మొక్కకు దూరంగా ఉండడమే అసలు మందు. వయ్యారిభామను పీకేటప్పుడు పూత రాకముందే, చేతులు, ఒళ్ళు కప్పుకుని పీకండి.

ఇప్పుడు మా ఆయమ్మ చర్మం నయమైంది. చామంతులను మా నర్సింగ్ విద్యార్థినులు చూస్తున్నారు. ఆయమ్మ వెనుక ఆవరణలో మల్లెపొదలు పెంచుతూ, దూరం నుండే "కొన తుంచారా అమ్మాయిలూ?" అని కేకవేస్తుంది.

పూలు అయిపోయాక మొక్కను నేలకు 4, 5 అంగుళాల పైన కత్తిరించి, వేసవిలో కాస్త నీడన ఉంచి నీళ్ళు పోయండి. జూన్ నాటికి మీ ఇంట్లోనే పిలకలు సిద్ధంగా ఉంటాయి. పొరుగువారికి ఒకటి ఇవ్వండి, ఇచ్చే ముందు వారి చేతులు ఒకసారి చూడండి.