తూటా లేని గురి!

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే ఘాట్‌రోడ్డులో, మలుపుల మధ్య పచ్చగా కనిపించే చిన్న ఊరు టైడా. సొరంగాలు దాటుకుంటూ కొండెక్కే కిరండూల్‌ రైలుకూ ఇక్కడో స్టేషనుంది. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ ఇక్కడ ఏర్పాటుచేసిన ‘జంగిల్‌బెల్స్‌’ విడిదికి వచ్చే కుటుంబాలకు చెట్ల నడుమ చెక్క కాటేజీలు, పక్షుల్ని చూడటం, కొండలెక్కడంతోపాటు విల్లు పట్టి గురి చూసే సరదా కూడా ఉండేది. సరిగ్గా చూసే వదిలామనుకుంటాం... బాణం మాత్రం వెళ్లి గడ్డిలో పడుతుంది. పిల్లలు నవ్వుతారు. ఆ మాత్రం నవ్వుతో సరిపెట్టుకోవచ్చు. ఈ కొండల్లో చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండక్కి వేటకెళ్లిన మగవాళ్లు ఉత్త చేతులతో తిరిగొస్తే, ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి మరీ ఏడిపిస్తారు!

ఇంతకీ విల్లు పట్టుకున్నవాళ్లు మొదట నేర్చుకోవాల్సిన జాగ్రత్త ఒకటుంది. బాణం లేకుండా నారి లాగి వదలకూడదు. బాణాన్ని తీసుకుపోవాల్సిన శక్తంతా తిరిగి విల్లుకే తగులుతుంది, బద్ద విరిగిపోవచ్చు. పిస్టల్‌ సంగతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. తూటా లేకుండా ట్రిగ్గర్‌ నొక్కడమే అందులో అసలు చదువు. దాన్నే ‘డ్రై ఫైరింగ్‌’ అంటారు.

తప్పంతా వేలిదే

ఒలింపిక్స్‌లో ఉండే 10 మీటర్ల ఎయిర్‌ పిస్టల్‌ పోటీనే చూడండి. ఒంటిచేత్తో పిస్టల్‌ పట్టుకుని, పది మీటర్ల దూరంలోని అట్టను కొట్టాలి. అందులో పది పాయింట్లు తెచ్చే వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. అంటే చొక్కా గుండీ అంత! అలా 75 నిమిషాల్లో 60 సార్లు పేల్చాలి.

చూపు బాగుంటే చాలనుకుంటారు చాలామంది. కానీ కొత్తవాళ్ల గురి చెడేది ఎక్కువగా వేలి దగ్గర. ‘ఇప్పుడు పేలుతుంది’ అని మనసుకు తెలియగానే మణికట్టు బిగుసుకుంటుంది, వేలు ట్రిగ్గర్‌ని గుంజేస్తుంది. పిస్టల్‌ మీద ముందో సైటు, వెనకో సైటు ఉంటాయి. వాటి మధ్య దూరం 32 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ గుంజుడుకి ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే, పది మీటర్ల అవతల గుండు మూడు సెంటీమీటర్లు తప్పుతుంది. అంటే అట్టమీద నల్లటి భాగమే దాటిపోతుంది.

తూటా పేలినప్పుడు చప్పుడు, అదురు కలిసి ఈ తప్పుని దాచేస్తాయి. ఉత్త పిస్టల్‌ అలా దాచదు. ‘టక్‌’ మన్న క్షణంలో ముందు సైటు కదిలిందో లేదో కంటికి కనబడిపోతుంది. అందుకే కొందరు కోచ్‌లు రేంజ్‌లో శిష్యుడికి చెప్పకుండా అసలు తూటాల మధ్య ఓ డమ్మీ తూటా కలిపేస్తారు. అది పేలదు, కానీ ముక్కు మాత్రం గబుక్కున కిందికి వంగుతుంది... దొంగ దొరికిపోయినట్టే!

ఎదురుగా ఉత్త గోడ

ఇంట్లో సాధనకు ఖరీదైన సరంజామా ఏమీ అక్కర్లేదు. మొదట్లో గోడమీద గురి బొమ్మ కూడా ఉండకూడదంటారు అనుభవజ్ఞులు. బొమ్మ ఉంటే కన్ను అక్కడికే పరుగెడుతుంది. ఉత్త తెల్లగోడ ఎదుట నిలబడి, ముందు సైటు మీదే చూపు నిలిపి, అది చలించకుండా ట్రిగ్గర్‌ని మెత్తగా వెనక్కి నొక్కుతూ పోవాలి. ఏడెనిమిది సెకన్లలో పని కాకపోతే మొండికి పోకుండా చెయ్యి దించేయాలి. ఈ ‘దించేయడం’ నేర్చుకోవడానికే ఎక్కువ ఓపిక కావాలి. రోజుకో పావుగంట చాలు. చెయ్యి అలిసిపోయాక చేసేది సాధన కాదు, తప్పుల్ని వల్లెవేయడం!

25 మీటర్ల పోటీలో రెండో అంచె మరీ కష్టం. కిందికి దించి ఉంచిన చేతిని పైకెత్తి, మూడు సెకన్లలో ఒక్క గుండు పేల్చాలి. తర్వాత ఏడు సెకన్లు ఆగి మళ్లీ ఎత్తాలి. ఆ లయని ఒక్క తూటా ఖర్చు లేకుండా హాల్లో నిలబడే అలవాటు చేసుకోవచ్చు.

రేంజ్‌ దూరమైతే...

హైదరాబాద్‌ అమ్మాయి ఈషా సింగ్‌ తొమ్మిదేళ్లకి పిస్టల్‌ పట్టింది. తొలిపాఠాలకు గచ్చిబౌలి స్టేడియం దాకా వెళ్లాల్సి వచ్చేది. 2018లో పదమూడేళ్ల వయసులో మను భాకర్‌, హీనా సిద్ధూ లాంటివాళ్లని దాటి జాతీయ సీనియర్‌ స్వర్ణం గెలిచింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. 2024లో పారిస్‌ ఒలింపిక్స్‌కి వెళ్లింది. 2025లో నింగ్బో ప్రపంచకప్‌లో స్వర్ణం కొట్టింది. గచ్చిబౌలి ఎంత దూరమైనా నగరంలోనే ఉంది. మరి టైడా లాంటి ఊళ్లో పుట్టిన పిల్లలకో? గురి ఈ కొండలకు కొత్త కాదు, లేనిది రేంజే. వాళ్లు ఎప్పుడో ఒకసారి రేంజ్‌ ఉన్న నగరానికి వెళ్లి నాలుగు రోజులు నేర్చుకొచ్చినా, మిగతా రోజుల్ని నిలబెట్టేది ఈ ఉత్త సాధనే. 2020లో కరోనాతో రేంజ్‌లు మూతపడినప్పుడు పెద్ద షూటర్లకూ ఇదే దిక్కయింది.

హంగేరీ సైనికుడు కారోలీ టకాచ్‌ది మరో కథ. 1938లో గ్రెనేడ్‌ పేలి అతని కుడిచెయ్యి నుజ్జయింది. పిస్టల్‌ పట్టేది ఆ చేత్తోనే! ఎవరికీ చెప్పకుండా ఎడమచేత్తో మొదట్నుంచీ నేర్చుకున్నాడు. 1948 లండన్‌, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌... రెండింట్లోనూ స్వర్ణమే.

ముందు గది వెతకండి

ఇదంతా చదివి అలమరలోని తుపాకీ తీసేయకండి! లైసెన్సున్న తుపాకీ అయినా, లైసెన్సు అక్కర్లేని చిన్న ఎయిర్‌ పిస్టల్‌ అయినా ముందు క్లబ్బులో కోచ్‌ దగ్గర నేర్చుకోవాలి. పిల్లలైతే పెద్దలు పక్కన లేకుండా ముట్టుకోనే కూడదు. సాధన చేసే గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. మ్యాగజీన్‌ తీసి, ఛాంబర్‌ని కంటితో చూసి, వేలుపెట్టి తడిమి, మళ్లీ ఇంకోసారి చూడాలి. గురిపెట్టే గోడ అవతల మనుషులు తిరగకూడదు. 0.22 పిస్టళ్లను ఉత్తగా నొక్కితే పిన్‌ ఛాంబర్‌ అంచుకి కొట్టుకుని పాడవుతుంది, అందుకే వాటిలో డమ్మీ తూటాలు వాడతారు. చాలా పోటీ ఎయిర్‌ పిస్టళ్లలో గాలి వదలకుండా ట్రిగ్గర్‌ మాత్రమే పనిచేసే ఏర్పాటు ఉంటుంది.

అన్నిటికన్నా ప్రమాదం సాధన ముగిసిన తర్వాతి నిమిషం. తూటాలు మళ్లీ నింపేశాక ‘ఇంకొక్కసారి’ అనిపిస్తుంది... ఇళ్లలో గోడలకీ టీవీలకీ చిల్లులు పడేది అప్పుడే. అందుకే జాగ్రత్తపరులైన షూటర్లు ‘ఇవాళ్టికి అయిపోయింది’ అని పైకే అనేసి, పిస్టల్‌ని పెట్టెలో పెట్టి తాళం వేసి, ఆ గదిలోంచి బయటికి వచ్చేస్తారు.