కర్ర బిగిస్తే బంతి తప్పుతుంది

గుంటూరు: గతంలో మన గుంటూరులో ఓ అరుదైన సంగతి జరిగింది. ఇక్కడ జరిగిన జాతీయ స్నూకర్ పోటీల్లో గీత్ సేథీ ఒకే విడతలో 147 పాయింట్లు చేశాడు. పోటీ ఆటలో అంత చేసిన తొలి అమెచ్యూర్ ఆటగాడిగా పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు వెంట మన ఊరి పేరు కూడా నిలిచిపోయింది.

ఆ 147 లెక్క ఇది. బల్ల మీద ఎర్రబంతులు 15. ఒక్కో ఎర్రబంతిని సంచిలో వేస్తే 1, వెంటనే నల్లబంతిని వేస్తే 7. అలా పదిహేను సార్లకు 120. చివర మిగిలిన ఆరు రంగుల బంతులకు 2 నుంచి 7 దాకా కలిపి 27. మొత్తం 36 దెబ్బలు. ఒక్కటి గురి తప్పినా లెక్క అక్కడితో ఆగిపోతుంది. ఇది కండబలంతో అయ్యే పని కాదు. కర్ర పట్టిన చేతి నేర్పుతో అయ్యే పని.

పిడికిలితోనే చిక్కు

చదువులకని పట్నం చేరిన పల్లె కుర్రాళ్ళు నేడు పూల్ బల్లల దగ్గరా కనిపిస్తున్నారు. గునపం, పార పట్టిన చేతులు వాళ్ళవి. కర్ర చేతికి రాగానే అలవాటుకొద్దీ పిడికిలి బిగుస్తుంది. పిడికిలి బిగిస్తే ముంజేతి కండరాలు బిర్రబిగుస్తాయి, మణికట్టు మెలిక పడుతుంది. కర్ర కొన తెల్లబంతికి నడిమిన కాక పక్కన తగులుతుంది. బంతి గింగిరాలు తిరుగుతూ దారి తప్పుతుంది. ఇక్కడ వెంట్రుకవాసి తేడా బల్ల చివరకు పోయేసరికి జానెడవుతుంది. నలుగురిలో నవ్వులపాలైన కుర్రాడు ఈసారి ఇంకా గట్టిగా పడతాడు. ఇంకా తప్పుతుంది.

ఎలా పట్టుకోవాలి?

ముందు కర్రను అడ్డంగా ఒక వేలి మీద నిలపండి. ఎటూ ఒరగకుండా నిలిచిన చోటు గుర్తు పెట్టుకోండి. పట్టు దానికి వెనుక, మొదలు వైపు ఉండాలి. ఎంత వెనుక అన్నది మనిషి పొడవును బట్టి ఉంటుంది. వంగి గురి చూసినప్పుడు, కర్ర కొన తెల్లబంతిని తాకబోయే క్షణాన మోచేతి నుంచి కింది చేయి తాపీమేస్త్రి వేలాడదీసిన గుండులా నిటారుగా ఉంటే చోటు సరిపోయినట్టే. చేయి ముందుకు పోతే పట్టు వెనక్కి జరపండి. వెనక్కి పోతే ముందుకు జరపండి.

కర్ర బరువు చూపుడు వేలు, మధ్య వేలు మోయాలి. బొటనవేలు నేలవైపు చూడాలి, నొక్కకూడదు. బకెట్ కాడ వేళ్ళకు వేలాడినట్టు కర్ర వేలాడాలి. కర్రను వెనక్కి లాగేటప్పుడు చివరి రెండు వేళ్ళు కాస్త విప్పుకోవాలి, ముందుకు పంపేటప్పుడు మళ్ళీ దగ్గర పడాలి. మణికట్టు మాత్రం అటూ ఇటూ తిరగకూడదు.

గేదె పాలు పితికే వారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. చేయి జారకూడదు, అలాగని నులమకూడదు. అదే చేయి ఇక్కడా కావాలి.

ఇంటి దగ్గర సాధన

ఇందుకు బల్లే ఉండాలని లేదు. కొన సన్నగా, నున్నగా ఉన్న తిన్నని కర్ర ఒకటి చాలు. ఖాళీ సీసాను మూతి మనవైపు ఉండేలా బల్ల మీద పడుకోబెట్టి, దొర్లకుండా అటూ ఇటూ గుడ్డ పెట్టాలి. ఎడమ చేతి వేళ్ళ మీద కర్ర ఆనించి, కొనను సీసా మూతిలోకి పోనిచ్చి వెనక్కి తీయాలి. అంచు తగలకూడదు. టంగుమన్నదంటే చేయి బిగిసిందన్నమాటే. రోజూ పావుగంట ఇలా చేస్తే చేతికి దారి తెలుస్తుంది.

ఇదంతా దొరల ఆట, మనకెందుకు అనేవారున్నారు. 1958లో విల్సన్ జోన్స్ కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ టైటిల్ గెలిచాడు. వ్యక్తిగత క్రీడల్లో మన దేశానికి అదే తొలి ప్రపంచ టైటిల్.

ఒక్క హెచ్చరిక. పట్నంలో బల్లకు గంటల లెక్కన అద్దె. పైగా పందెం అనేవాడు పక్కనే ఉంటాడు. ఇంటి నుంచి వచ్చే డబ్బు ధాన్యం అమ్మితే వచ్చిందని మరవకూడదు. చేయి ఇంటి దగ్గరే సాధన చేసుకుని, ఆటను ఆటగా ఆడి వస్తే కన్నవారికి బెంగ ఉండదు.