సముద్రం చెడితే సంతకు చేటు

వనపర్తి: తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మన పట్టణానికి సముద్ర కాలుష్యంతో పనేమిటని ఎవరైనా అడగవచ్చును. పని ఉన్నది. ఇక్కడి అంగళ్లలో జూరాల, శ్రీశైలం జలాశయాల రవ్వు, బొచ్చె, వాలుగలదే పైచేయి అయినా, మంచు పెట్టెలలో కోస్తా నుంచి సముద్రపు చేప కూడా దిగుతుంది. ఎండుచేపలు సంతకు వస్తాయి. ఉప్పు సంగతి చెప్పనక్కరలేదు. కోళ్ల దాణాలోనూ, చెరువు చేపల మేతలోనూ ఎండుచేపల పొడి కలుస్తుంది. చేప ముట్టని ఇంటికి సైతం ఏదో ఒక రూపంలో సముద్రపు సరుకు చేరుతూనే ఉన్నది.

కుళ్లిన చేపను ముక్కు పట్టేస్తుంది. తరుగు వస్తే తక్కెడ చెబుతుంది. ముక్కుకు, కంటికి, తక్కెడకు అందని లోపం మరొకటి ఉన్నది. దానిని ముందుగా బయటపెట్టేవి పక్షులు, జంతువులు, చేపలే. వాటి జబ్బు ఆ నీటి సరుకు తినే మనిషికి ముందస్తు నోటీసు వంటిది.

మినమాటా పాఠం

జపాన్‌లోని కుమమోటో రాష్ట్రంలో మినమాటా అనే తీర పట్టణం ఉన్నది. అక్కడి చిస్సో కంపెనీ ఫ్యాక్టరీ 1932 నుంచి 1968 వరకు మిథైల్ పాదరసం కలిసిన వ్యర్థ జలాన్ని సముద్రంలోకి వదిలింది. మొదట చేపలు చచ్చి తేలినవి. ఎగిరే పక్షులు నేల కూలినవి. చేపలు తిని బతికే పిల్లులు తూలుతూ, గిరగిర తిరుగుతూ చచ్చినవి. ఆ తరువాత మనుషులకు కాళ్లు, చేతులు పట్టు తప్పినవి, చూపు, మాట తడబడినవి. ఈ జబ్బును అధికారికంగా గుర్తించినది 1956 మే నెలలో.

1959లో ఆ ఫ్యాక్టరీ ఆసుపత్రి వైద్యుడే వ్యర్థ జలాన్ని మేతలో కలిపి ఒక పిల్లికి పెట్టి చూడగా, దానికి అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని బయటకు రానీయలేదు. జబ్బుకు కారణం ఫ్యాక్టరీయేనని ప్రభుత్వం ఒప్పుకొనేసరికి 1968 వచ్చింది. అన్నాళ్లూ జనం చేపలు తింటూనే ఉన్నారు. పైకి ఆరోగ్యంగా ఉన్న తల్లులకు సైతం మెదడు దెబ్బతిన్న బిడ్డలు పుట్టారు. ప్రభుత్వం ధ్రువీకరించిన బాధితులే 2,200 మందికి పైగా ఉన్నారు.

వర్తకుల దృష్టితో చూస్తే మరో నష్టమున్నది. ఆ పట్టణపు చిల్లర వర్తకులు 1959లో స్థానిక చేపలను కొనడం మానుకున్నారు. తప్పు చేసినది ఫ్యాక్టరీ, గిరాకీ పోయినది బెస్తవారికి.

చక్రవడ్డీ లెక్క

సముద్రంలో అంత నీరుండగా కొద్దిపాటి పాదరసం ఏం చేస్తుందని సందేహం రావచ్చును. ఇది చక్రవడ్డీ వంటిది. నీటిలోని నాచు పాదరసాన్ని కొంత పీల్చుకుంటుంది. నాచును సన్నజీవులు, వాటిని నెత్తళ్లు, కవళ్లు, వాటిని సూర, సొర వంటి వేట చేపలు తింటాయి. తిన్న పాదరసంలో బయటికి పోయేది తక్కువ, నిలువలో చేరేది ఎక్కువ. అందువలన నీటిలో ఉన్నదానికంటె పెద్ద వేట చేప కండలో అది లక్షల రెట్లుండవచ్చును. కడిగినా, వేయించినా, పులుసు పెట్టినా పోదు.

నేడు ప్రపంచంలో మనుషుల పనుల వలన వెలువడే పాదరసంలో చిన్న తరహా బంగారు గనులది మొదటి వాటా, బొగ్గు మంటలది తరువాతి వాటా. దీనిని అదుపు చేయడానికి 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి మినమాటా పేరే పెట్టారు. మన దేశం 2018లో దానిని ఆమోదించింది.

మన ఏటి సంగతి

ఇది జపాన్ కథ మాత్రమే కాదు. హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరు వద్ద మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాన్ని శుద్ధి చేసే కేంద్రం ఉన్నది. శుద్ధి అయి వెలువడిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. ఆ నీరు నాడు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలోకి, మంజీర గోదావరిలోకి, గోదావరి బంగాళాఖాతంలోకి పోయే దారిలో ఉన్నది. 2009లో వెలువడిన మరో పరిశోధనలో, అక్కడి నీటిని 500 రెట్లు పలుచన చేసినా తోకకప్పల ఎదుగుదల 40 శాతం తగ్గింది.

మందు కలిసిన నీటిలో క్రిములు ఆ మందుకు అలవాటు పడతాయి. అటువంటి క్రిమి మనిషికి సోకిన నాడు డాక్టరు రాసిన మాత్ర పనిచేయదు.

ఎగుమతి సరుకుకూ ఇదే పరీక్ష. రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్ దేశంలో అగ్రస్థానంలో ఉన్నది. నిషిద్ధ మందుల అవశేషాలు బయటపడుతున్నందున యూరోపియన్ యూనియన్ 2016లో మన దేశపు సాగు రొయ్యలలో పరీక్షించే సరుకును 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఏ కొద్దిమందో వాడిన మందుకు శుభ్రంగా పెంచిన రైతు కూడా ఈ పరీక్షకు లోనయ్యాడు.

మన జిల్లా నీరు కృష్ణలోకి పోతుంది. జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటి హంసలదీవి వద్ద ఆ నది సముద్రంలో కలుస్తుంది. మన మోరీలో పడిన పాలిథిన్ సంచి వరదకు అంత దూరమూ పోగలదు. ఊరిలో ఆవు కడుపులో చేరే సంచే సముద్రంలో తాబేలు కడుపులో చేరుతుంది. అక్కడినుంచి వచ్చే సరుకునే మనం కొంటున్నాము.

చేయదగినది

చేప మానవలసిన పని లేదు. మాంసకృత్తులకు అది మేలైన ఆహారం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పసిపిల్లలు సొర, కత్తిచేప వంటి పెద్ద వేట చేపలను వదిలి నెత్తళ్లు, కవళ్లు, మన చెరువు చేపలు తినడం క్షేమం.

సరుకు ఏ రేవుది, ఏ చెరువుదని టోకు వర్తకుడు అడిగి రాసుకోవాలి. చేపలు మూకుమ్మడిగా తేలిన నీటి సరుకును చవకగా వచ్చినా దింపుకోరాదు. బెస్తవారి సంఘాలు అటువంటి సంఘటనను వెంటనే మత్స్యశాఖకు తెలియజేయాలి. మన జిల్లాలోనే పెబ్బేరులో మత్స్య కళాశాల ఉన్నది, సలహాకు దూరం పోనక్కరలేదు.

చేపలు చచ్చిన వార్త పొక్కితే ధర పడుతుందన్న భయం సహజమే. ఆ ధర కొన్నాళ్లకు తిరిగి లేస్తుంది. వార్తను దాచినచోట ఏమైనదో మినమాటా లెక్క చూస్తే తెలుస్తుంది.