వ్యవసాయ పాఠం బోధించిన గురువుల సేవలకు తగిన గుర్తింపు
ప్రత్యేక వ్యాసం

(పాత్రికేయులు, విద్యా, వ్యవసాయ శాఖల అధికారుల సమాచారార్థం)

పాఠశాలలో గణితం, భాష, సామాన్య శాస్త్రం బోధించే ఉపాధ్యాయుని కృషి పదవ తరగతి ఫలితాలలో కనిపిస్తుంది. వ్యవసాయం ఆ ప్రధాన పరీక్షా విషయాలలో లేదు. అందువల్ల దానిని బోధించిన ఉపాధ్యాయుని కృషిని మార్కుల పట్టికలో వెతికితే దొరకదు. అది పదిహేను, ఇరవై సంవత్సరాల తరువాత పూర్వ విద్యార్థి చేనులో కనిపిస్తుంది. అప్పటికి ఆ ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసి ఉంటాడు. నల్గొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల వంటి మెట్ట ప్రాంతాలలో దీర్ఘకాలం వ్యవసాయ పాఠం చెప్పిన వారి సేవలను ఎలా గుర్తించాలన్న విషయాన్ని ఈ నేపథ్యంలో పరిశీలించవలసి ఉన్నది.

రెండు జిల్లాల నేపథ్యం

దక్షిణ తెలంగాణలోని ఈ ప్రాంతం 2016 అక్టోబర్ 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలుగా ఏర్పడింది. నారాయణపేట జిల్లా 2019 ఫిబ్రవరిలో ఏర్పడింది. సాలీనా సగటు వర్షపాతం ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో సుమారు 600 మిల్లీమీటర్లు, ఉమ్మడి నల్గొండలో సుమారు 750 మిల్లీమీటర్లు. భూములలో అధిక భాగం చలక నేలలు కాగా, అక్కడక్కడ రేగడి నేలలు ఉన్నవి. ఆముదం, జొన్న, కంది, వేరుశనగ ఇక్కడి సంప్రదాయ మెట్ట పంటలు. నల్గొండ బత్తాయికి పేరుగాంచింది. పాలమూరు ప్రాంతం నుంచి పనుల కోసం వలస వెళ్ళిన కుటుంబాల చరిత్ర అందరికీ తెలిసినదే.

ఈ ప్రాంతంలో ముప్పై సంవత్సరాలు పనిచేసిన వ్యవసాయ ఉపాధ్యాయుడు ఒకే పాఠాన్ని ముప్పై సార్లు చెప్పి ఉండడు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి విస్తరించింది. జూరాల ప్రాజెక్టు, ఆ తరువాత కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల పథకాల ద్వారా పాలమూరు భూములకు కృష్ణా జలాలు అందినవి. అనేక గ్రామాలలో ఆముదం, జొన్న సాగు తగ్గి పత్తి, వరి పెరిగినవి. ఉద్యోగ ప్రారంభంలో వాన నీటిని చేనులోనే నిలుపుకోవడం నేర్పిన ఉపాధ్యాయుడే, తరువాతి కాలంలో కాలువ నీటిని పొదుపుగా వాడుకోవడం నేర్పవలసి వచ్చింది. అందుకు ముందుగా తాను నేర్చుకోవలసి వచ్చింది.

బోధన సాగిన మార్గం

పాఠశాలలో వ్యవసాయ బోధనకు దేశంలో సుదీర్ఘ చరిత్ర ఉన్నది. 1952-53 నాటి ముదలియార్ కమిషన్ బహుళార్థసాధక పాఠశాలలను సిఫార్సు చేస్తూ, వాటిలో వ్యవసాయాన్ని ఒక విభాగంగా పేర్కొన్నది. గ్రామీణ పాఠశాలలలో వ్యవసాయ విద్యకు అవకాశం కల్పించాలని సూచించింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పాఠశాల విద్యలో పని అనుభవాన్ని భాగం చేయాలని, వ్యవసాయ పాలిటెక్నిక్‌లను ఏర్పాటు చేయాలని సూచించింది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సామాజికంగా ఉపయోగపడే ఉత్పాదక పనిని ప్రతిపాదించింది. 1986 జాతీయ విద్యా విధానం అనంతరం, 1988లో మాధ్యమిక స్థాయిలో వృత్తి విద్యకు కేంద్ర ప్రాయోజిత పథకం ఆరంభమైంది. ఇంటర్మీడియట్ వృత్తి విద్యలో పంటల ఉత్పత్తి కోర్సు చోటు చేసుకున్నది. 2020 జాతీయ విద్యా విధానం వృత్తి పరిచయాన్ని ఆరవ తరగతి నుంచే అందించాలని పేర్కొన్నది.

పథకాల పేర్లు మారినప్పుడల్లా ఉపాధ్యాయుని హోదా పేరు కూడా మారింది. ఒకచోట పని అనుభవ బోధకుడు, మరొకచోట వృత్తి విద్యా లెక్చరర్, వేరొకచోట బడి తోటను స్వచ్ఛందంగా చేపట్టిన సామాన్య శాస్త్ర ఉపాధ్యాయుడు ఈ బాధ్యత నిర్వహించారు. పని మాత్రం ఒక్కటే.

తరగతి గది నుంచి చేను వరకు

ఆ పని స్వభావాన్ని కొన్ని ఉదాహరణలు తెలియజేస్తాయి. భూసార పరీక్షకు మట్టి నమూనా తీయడం పుస్తకంలో ఒక పేరా మాత్రమే. చేనులో అది సగం రోజు పని. పొలంలో వంకర టింకరగా నడుస్తూ పలుచోట్ల ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, అంచు వెంబడి పైనుంచి కిందివరకు మట్టిని సేకరించాలి. దానిని కలిపి నాలుగు భాగాలుగా చేసి, ఎదురెదురు భాగాలను తీసివేస్తూ చివరకు అరకిలో మిగల్చాలి. గట్టు పక్కన, పెంటకుప్ప వేసిన చోట, చెట్టు నీడన తీసిన మట్టి తప్పుడు ఫలితాన్ని ఇస్తుంది. ఈ పనికి అనువైన కాలం పంట లేని వేసవి. అప్పుడు పాఠశాలకు సెలవులు. మృగశిర కార్తెలో విత్తనం పడే రోజులలోనే పాఠశాలలు తెరుచుకుంటాయి. అందువల్ల వ్యవసాయ ఉపాధ్యాయుని పనిదినాలు పాఠశాల క్యాలెండర్‌కు లోబడి ఉండవు.

ఎర్ర గొంగళి పురుగు మరొక ఉదాహరణ. తొలకరి మంచి వర్షం పడిన కొద్ది రోజులలోనే భూమిలోని కోశస్థ దశ నుంచి రెక్కల పురుగులు వెలువడతాయి. రాత్రివేళ మంటలు వేస్తే వెలుతురుకు వచ్చి పడిపోతాయి. అయితే ఒక్క రైతు మంట వేసినందువల్ల ప్రయోజనం స్వల్పం. ఊరంతా ఒకే సమయంలో వేయాలి. ఇంటింటికీ ఈ విషయం చేర్చడానికి పాఠశాల విద్యార్థిని మించిన దూత గ్రామంలో లేడు.

పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం దక్షిణ తెలంగాణ మండలానికి కేంద్రం. ఆముదంలో పీసీహెచ్-111 సంకర రకం, కందిలో పీఆర్‌జీ-158 రకం ఈ కేంద్రం అందించినవే. పాలెం, కంపాసాగర్, గడ్డిపల్లి, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాలు కూడా ఈ ప్రాంతంలో ఉన్నవి. శాస్త్రవేత్త చెప్పిన మాటను ఇంటి భాషలోకి మార్చి రైతు బిడ్డకు అందించడం ఉపాధ్యాయుని వంతు.

అమెరికా 1917లో చేసిన స్మిత్-హ్యూస్ చట్టం వ్యవసాయ ఉపాధ్యాయుల వేతనాలకు కేంద్ర నిధులను సమకూర్చడంతోపాటు, విద్యార్థి సంవత్సరంలో కనీసం ఆరు నెలలు పర్యవేక్షణలో క్షేత్ర అభ్యాసం చేయాలని నిర్దేశించింది. గురువు చేనుకు వెళ్ళడాన్ని ఆ చట్టం ఉద్యోగ బాధ్యతగానే పరిగణించింది.

గుర్తింపులో ఎదురయ్యే చిక్కు

ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారాలు 1958లో ఆరంభమైనవి. సెప్టెంబర్ 5ను ఉపాధ్యాయ దినోత్సవంగా 1962 నుంచి జరుపుకుంటున్నాము. 2023లో ఈ పురస్కారాల పరిధిని ఉన్నత విద్యకు, నైపుణ్య శిక్షణ సంస్థల బోధకులకు విస్తరించారు. పాఠశాల విభాగంలో మాత్రం కాంట్రాక్టు ఉపాధ్యాయులు అర్హులు కారని మార్గదర్శక సూత్రాలు పేర్కొంటున్నవి.

వృత్తి విద్యా బోధకులలో అనేకులు కాంట్రాక్టు లేదా తాత్కాలిక పద్ధతిలో పనిచేసినవారే. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 30న వివిధ శాఖలకు చెందిన 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగుల సర్వీసులను క్రమబద్ధీకరించినప్పుడు, వారిలో వృత్తి విద్యా జూనియర్ లెక్చరర్లు కూడా ఉన్నారు. విద్యార్థి దృష్టిలో గురువు సేవ తొలి పాఠం చెప్పిన రోజున మొదలవుతుంది, ఉత్తర్వు వెలువడిన తేదీన కాదు. క్రమబద్ధీకరణకు నోచుకోకుండానే బోధన నుంచి తప్పుకున్నవారి పేర్లు సేవా పుస్తకాలలో సైతం ఉండవు. దీర్ఘకాల సేవను గౌరవించాలని తలపెట్టినప్పుడు ముందుగా మరుగున పడేది వీరే.

చేయదగిన పనులు

జిల్లా స్థాయిలో పురస్కారాలకు, పదవీ విరమణ సత్కారాలకు పేర్లను పరిశీలించే అధికారులు ఉత్తీర్ణతా శాతంతోపాటు ఈ దిగువ అంశాలను కూడా నమోదు చేయవచ్చును:

1. బోధించిన మొత్తం కాలం, తాత్కాలిక సేవతో సహా.

2. బడి తోట లేదా ప్రదర్శనా క్షేత్రం నిర్వహించిన సంవత్సరాలు, అందుకు లభించిన భూమి, నీటి వసతి.

3. పూర్వ విద్యార్థులలో సాగులో, వ్యవసాయ పాలిటెక్నిక్‌లలో, వ్యవసాయ శాఖలో ఉన్నవారి వివరాలు.

4. ఉపాధ్యాయుడు రాసుకున్న వర్షపాతం, పంట, తెగుళ్ళ నోట్ పుస్తకాలు.

చివరి అంశం ప్రత్యేకంగా గమనించదగినది. ఒక గ్రామంలో రెండు మూడు దశాబ్దాలపాటు రాసిన పంట వివరాలు ఇతరత్రా లభించడం కష్టం. సన్మానం నాటి శాలువ ఇంటికి చేరుతుంది. నోట్ పుస్తకాలు మాత్రం పాత కాగితాలలో కలిసిపోతాయి. వాటి ప్రతులను కృషి విజ్ఞాన కేంద్రాలకు అందజేయడం, విశ్రాంత ఉపాధ్యాయులను కొత్త వృత్తి విద్యా బోధకుల శిక్షణకు ఆహ్వానించడం కూడా సత్కారంలో భాగమే కాగలవు.

పాత్రికేయులు సైతం ఉపాధ్యాయ దినోత్సవ సభకు పరిమితం కాకుండా, పంట కాలంలో పూర్వ విద్యార్థి చేను వద్ద ఆ గురువును కలిస్తే ఆయన సేవ విలువ స్పష్టమవుతుంది. పంట నేలను పరీక్షించి విత్తనం వేయాలని, వేసే ముందు విత్తనం మొలకను పరీక్షించాలని ఒక తరానికి నేర్పిన వారు ఒక్కొక్కరుగా విశ్రాంతి పొందుతున్నారు. వారు అందుబాటులో ఉండగానే వారి అనుభవాన్ని నమోదు చేయడం వారికి చేయగల ఉత్తమ సత్కారం.